సింధు ఒడ్డున పెద్ద చెలమ
మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి బతుకు కథ

ప్రతి ఏడూ ఈ సంచికలో ఒక పెద్దమనిషి జీవితం రాసుకుంటున్నాం. ఈసారి ఎవరి గురించి రాయాలని పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. మొన్నటి ఎండాకాలం మస్కట్ శివార్లలో ఒక క్యాంపులో మనోళ్లు వరసపెట్టి కడుపునొప్పి, విరేచనాలతో పడ్డారు. డ్యూటీకి పోకపోతే జీతం కోత, పోతే ఎండలో నిలబడలేరు. కంపెనీ పేరు ఇక్కడ రాయం, ఇప్పుడు అక్కడ పరిస్థితి బాగుపడింది. అయితే రోగం ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టింది డాక్టరు కాదు, మన సభ్యుడే ఒకన్న. ఊళ్లో ఉండగా ఒక మున్సిపాలిటీలో పదకొండేళ్లు కాంట్రాక్టు మీద వాల్వులు తిప్పినవాడు. ఒక రాత్రి అందరూ పడుకున్నాక పంపు ఆపించి, నేలలోని నీళ్ల సంపు మూత తీయించి, నీటి మట్టం దగ్గర గోడ మీద సుద్దముక్కతో గీత గీశాడు. తెల్లారి చూస్తే ఎవరూ చుక్క వాడకుండానే నీళ్లు గీత కిందికి దిగి ఉన్నాయి. అంటే సంపుకు పగులు ఉంది. పక్కనే మురుగు గుంత. నీళ్లు బయటికి పోయే సందు ఉంటే, సంపు ఖాళీ అయినప్పుడు మురుగు లోపలికి వచ్చే సందూ అదే. మూడు ఉత్తరాలు రాశాక గానీ సంపు కడగలేదు, పగులు పూడ్చలేదు.

ఆ సంగతి మీటింగులో చెప్పుకుంటుండగా, ఊరూరికీ కుళాయి నీళ్లు ఇచ్చే ఏర్పాటు మన దేశంలో ఎవరు చేశారని ఒక తమ్ముడు అడిగాడు. తెల్లదొరలని ఒకరు, నిజాం అని ఒకరు. ఆ వాల్వుల అన్న మాత్రం, తను పనిచేసిన వాటర్‌వర్క్స్ ఆఫీసులో మైసూరు తలపాగా పెట్టుకున్న ఒక ముసలాయన ఫోటో ఉండేదని, ఏటా సెప్టెంబరులో దానికి దండ వేసేవాళ్లని, ఆయన ఎవరో తనకు ఎవరూ సరిగ్గా చెప్పలేదని అన్నాడు. ఆ తలపాగా ఆయన గురించే ఈ వ్యాసం.

ఆయన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరు ఊరిపేరే. మోక్షగుండం మన ప్రకాశం వైపు, గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. ఆయన పెద్దలు అక్కడినుంచి మైసూరు రాజ్యానికి వలసపోయిన తెలుగువాళ్లు. ఆయన పుట్టింది 1861 సెప్టెంబరు 15న, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో. ఊరు వదిలి తరాలు గడిచినా ఊరిపేరు మాత్రం ఆయన వెంటే పోయింది. ఈ సంగతి మనకు వేరే చెప్పక్కర్లేదు. మస్కట్‌లో ఇరవై ఏళ్లున్నవాణ్ణి కూడా ఇక్కడ ఊరిపేరు పెట్టే కదా పిలుస్తాం.

తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు సంస్కృత పండితులు. ఆస్తిపాస్తులు లేవు. పిల్లవాడి చిన్నతనంలోనే ఆయన పోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు, మేనమామ కలిసి చదివించారు. బెంగుళూరులో సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులకు సంపాదించుకున్నాడు. 1881లో డిగ్రీ పాసయ్యాడు. తర్వాత మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి పూనా సైన్సు కాలేజీకి ఇంజనీరింగుకు పంపింది. 1883లో పరీక్షలో మొదటివాడిగా నెగ్గాడు. మరుసటి ఏడే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్‌లో అసిస్టెంట్ ఇంజనీరు. అప్పటికి ఇరవై మూడేళ్లు. ఖాందేశ్‌లో ధూళే దగ్గర పాంఝరా నదికి అడ్డంగా పైపు సైఫన్ వేయడం ఆయన తొలి పనుల్లో ఒకటి. అంటే ఒక ఒడ్డు మీది కాలువ నీళ్లను గొట్టంలో కిందికి దించి, ఏటిని దాటించి, అవతల మళ్లీ పైకి లేపడం. పైపులైను పనిచేసే తమ్ముళ్లకు ఇది చిన్న సంగతిగా అనిపించవచ్చు. వెల్డింగు మిషనూ క్రేనూ లేని కాలంలో, వానల్లో పొంగే ఏట్లో ఆ పని చేయడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి.

ఇక అసలు కథకు వద్దాం. 1894లో ప్రభుత్వం ఆయన్ని సింధ్‌లోని సుక్కూరు మున్సిపాలిటీకి నీళ్ల ఏర్పాటు చేయడానికి పంపింది. సింధ్ అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. సుక్కూరు సింధు నది ఒడ్డున చిన్న పట్నం. 1889లో నది మీద రైలు వంతెన పడ్డాక వ్యాపారం పెరిగి, జనం పెరిగారు. ఎండలు మాత్రం మన గల్ఫ్ ఎండలకు తీసిపోవు. ఎదురుగా దేశంలోకెల్లా పెద్ద నదుల్లో ఒకటి పారుతోంది. కానీ ఆ నీళ్లు చెంబులో ముంచితే అడుగున బురద పేరుకుంటుంది. ఎండాకాలంలో హిమాలయాల మంచు కరిగి వరద దిగుతుంది, కొండల మట్టినంతా మోసుకొస్తుంది. జనానికి నీళ్లు ఎక్కువ కావలసిన నెలల్లోనే నది ఎక్కువ మురికిగా ఉంటుందన్నమాట.

అప్పటికి పెద్ద పట్నాల్లో దీనికి తెలిసిన మందు ఇసుక వడపోత. ముందు పెద్ద తొట్లలో నీళ్లు నిలబెట్టి బురద తేరనివ్వాలి. తర్వాత రాతితో కట్టిన మడుల్లో ఇసుక పరిచి, దాని గుండా మెల్లగా దిగనివ్వాలి. ఇసుక పైపొర మీద మురికి పేరుకుంటే గీకి తీసి, కడిగి, మళ్లీ పరచాలి. మడులకు చాలా జాగా కావాలి, కట్టడానికి డబ్బు కావాలి, నడపడానికి మనుషులు కావాలి. సుక్కూరు మున్సిపాలిటీ దగ్గర అంత డబ్బు లేదు. నది నీళ్లను గుట్ట మీదికి తోడి, అక్కడ వడగట్టి ఊళ్లోకి వదలాలన్న ఆలోచన ఉన్నా, వడపోత మడుల ఖర్చు దగ్గరే అది ఆగిపోయింది.

విశ్వేశ్వరయ్య గారు చేసింది ఏమిటంటే, వడపోత మడులు కట్టడం మానేసి నదినే వడపోత మడిగా వాడుకున్నారు. ఒడ్డుకు దగ్గరగా, ఇసుక పడుగులోనే ఒక గుండ్రటి బావి దింపించారు. నది నీళ్లు ఇసుకలోంచి ఇంకి, ఊటగా బావిలోకి వచ్చేసరికి బురద ఇసుకలోనే నిలిచిపోయి, తేట నీళ్లు చేరాయి.

ఇది చదువుతున్న రాయలసీమ, కరీంనగర్ అన్నలకు ఈపాటికి నవ్వు వచ్చి ఉంటుంది. మన అమ్మలు ఎండాకాలం ఏట్లో చేతులతో తవ్వే చెలమ ఇదే కదా! పెన్నలోనో మానేరులోనో ఇసుక మూరెడు లోతు తీసి, మొదట వచ్చిన కలక నీళ్లు ముంతతో తోడి పారబోసి, తేట ఊట కోసం కూర్చునే ఆ చెలమే. ఇందులో ఆయన కొత్తగా కనిపెట్టిన సూత్రం ఏమీ లేదని మా అభిప్రాయం. బిందెకు సరిపోయేదాన్ని ఊరికి సరిపోయేట్టు చేయడమే ఆయన పనితనం, అక్కడే ఇంజనీరు లెక్క వస్తుంది.

ఒక్క బావికి ఊట ఇంతే అని హద్దు ఉంటుంది. ఎక్కువ జోరుగా తోడితే బావి ఎండుతుంది, లేకపోతే ఊటతోపాటు ఇసుక కూడా ఊడి వచ్చి పంపు అరిగిపోతుంది. బోరు దగ్గర మోటారు పెద్దది పెట్టి కాల్చుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! ఆయన పంపును పెంచకుండా ఊట వచ్చే చోటును పెంచారు. బావి అడుగునుంచి నది పడుగు కిందికి సొరంగం తవ్వించారు. దాంతో నీళ్లు ఒక్క బావి చుట్టూరా ఉన్న ఇసుకలోంచే కాక, ఆ సొరంగం పొడుగునా ఇంకి వచ్చాయి. అలా చేరిన నీళ్లను పంపుతో దగ్గరి గుట్ట మీది రిజర్వాయరుకు ఎక్కించి, అక్కడినుంచి గొట్టాల్లో ఊళ్లోకి వదిలారు. 1895లో సుక్కూరులో నీళ్లు పారాయి.

గుట్ట మీదికి ఎందుకు ఎక్కించాలి, తిన్నగా ఊళ్లోకే తోయవచ్చు కదా అని కొత్త తమ్ముళ్లు అడుగుతారు. ఊరు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఎక్కువ వాడుతుంది, అర్ధరాత్రి వాడదు. పంపు ఒకే తీరుగా నడిస్తేనే దానికి మంచిది. ఈ రెంటినీ కలిపేది మధ్యలో ఉన్న రిజర్వాయరు. పంపు తన లెక్కన ఎక్కిస్తుంది, ఊరు తన లెక్కన దించుకుంటుంది. పంపు ఒక పూట ఆగినా ఊళ్లో కుళాయి ఆగదు. ఇక ఎత్తు మీదుంటే తోపు దానంతట అదే వస్తుంది, 10 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్. మన ప్లంబర్ అన్నలు గేజిలో రోజూ చూసేదే.

ఇంతవరకూ ఇంజనీరు పని. కాగితం మీద గీసినవాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది, రోజూ నడిపేవాడి పేరు హాజరు పట్టీలోనే ఉంటుంది. సుక్కూరులో బావి దగ్గర పంపు నడిపినవాళ్ల పేర్లు మన దాకా రాలేదు. కానీ అలాంటి చిన్న పట్నం నీళ్ల ఏర్పాటులో రోజువారీ పని ఏమిటో చెప్పడానికి మనకు వాల్వుల అన్న ఉన్నాడు. నూటముప్పై ఏళ్లలో యంత్రాలు మారాయి గానీ పని మారలేదు. పంపు ఎక్కించే ముందు బావి మట్టం చూడాలి, ఆపాక మళ్లీ చూడాలి, రెండూ పుస్తకంలో రాయాలి. రోజూ రాస్తేనే ఊట తగ్గుతోందని ముందే తెలుస్తుంది. రిజర్వాయరు నిండిందా, పొర్లిందా చూడాలి. లైను వాల్వును ఒక్కసారిగా తిప్పేస్తే గొట్టంలో నీళ్లు గుద్దుకుని జాయింట్లు పగులుతాయి, కాబట్టి మెల్లగా, చుట్లు లెక్కపెట్టుకుంటూ తిప్పాలి. ఎత్తు వీధులకు ముందు, పల్లపు వీధులకు తర్వాత. లైను చివర ఉన్న బస్తీకి నీళ్లు చేరాయో లేదో సైకిలు మీద పోయి చూసి రావాలి. తిట్లు తినేది కూడా అక్కడే. రాత్రి ఊరు పడుకున్నాక ఇనుప చువ్వ ఒక కొస పైపు మీద, ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని వినాలి. లీకు ఉంటే సన్నగా ఈల వేసినట్టు వినబడుతుందట.

అన్నింటికన్నా ముఖ్యంగా ఆయన చెప్పింది ఒకటుంది. పైపు ఎప్పుడూ నిండుగా ఉండాలి. రోజుకు గంటసేపు వదిలి ఆపేస్తే ఖాళీ అయిన గొట్టం బయటి మురుగును సందుల్లోంచి లోపలికి పీలుస్తుంది. బావి దగ్గర ఎంత తేటగా ఉన్నా, కుళాయి దగ్గరికి రోగం అయి వస్తుంది. మన క్యాంపు సంపులో జరిగింది ఇదే. రెండు రోజులకు ఒక ట్యాంకరు రావడం, మధ్యలో సంపు అడుగంటడం.

మళ్లీ విశ్వేశ్వరయ్య గారి దగ్గరికి పోదాం. సుక్కూరు తర్వాత సూరత్ పట్నం నీళ్ల పని, తర్వాత పూనా. ప్రభుత్వానికి శానిటరీ ఇంజనీరుగా బొంబాయి ప్రెసిడెన్సీలో ఎన్నో ఊళ్లకు నీళ్ల, మురుగు కాలువల పథకాలు చూశారు. పూనాకు నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా చెరువుకు వానాకాలంలో అలుగు మీదుగా నీళ్లు వృథాగా పోయేవి, ఎండాకాలంలో చాలేవి కావు. కట్ట ఎత్తు పెంచితే ఖర్చూ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. ఆయన అలుగు మీద, వరద ఒక మట్టానికి చేరగానే వాటంతటవే తెరుచుకుని, వరద తగ్గగానే మూసుకునే గేట్లు పెట్టించారు. దాంతో పాత కట్ట మీదే సుమారు ఎనిమిది అడుగుల నీళ్లు అదనంగా నిలిచాయి. ఆ గేట్లకు పేటెంటు తీసుకున్నా, ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి చేసిన పని కాబట్టి దాని మీద డబ్బు తీసుకోలేదు.

1906లో ఆయన మన దిక్కుకే వచ్చారు. ఏడెన్ అప్పుడు బొంబాయి ప్రభుత్వం కింద ఉండేది. సలాలా దాటి సముద్రం ఒడ్డునే పోతూ ఉంటే వచ్చే యెమెన్ రేవు. వీసా లేదు, మెడికల్ లేదు, బొంబాయిలో ఓడ ఎక్కితే అదీ మన సర్కారు ఊరే. అక్కడి సైన్యం, జనం నీళ్లకూ మురుగు కాలువలకూ అల్లాడుతున్నారని ప్రభుత్వం ఆయన్ని పంపింది. ఏడెన్‌లో ఏడాది మొత్తానికి రెండు మూడు అంగుళాల వాన. కొండ రాతిలో తొలిచిన పాతకాలపు పెద్ద తొట్లు ఉన్నాయి గానీ వాన పడితే కదా నిండేది. సముద్రం నీళ్లను కాచి, ఆవిరి పట్టి తాగేవాళ్లు. అంటే ఇవాళ ఘుబ్రాలో, బర్కాలో మనోళ్లు పనిచేసే ప్లాంట్ల తాత లాంటిది అప్పటికే అక్కడ ఉంది. కానీ బొగ్గు ఓడ మీద రావాలి, ఆ నీళ్లు అందరికీ అందేవి కావు.

ఆయన ఎడారిని చూసి భయపడలేదు, ఎగువన ఏముందో చూశారు. ఏడెన్‌లో వాన లేకపోయినా, ఉత్తరాన దూరంగా కొండలున్న చోట వానలు పడతాయి. ఆ నీళ్లు లాహెజ్ వైపు దిగి, అక్కడి ఏటి ఇసుకలో ఇంకిపోతాయి. లాహెజ్ ఏడెన్‌కు దాదాపు 18 మైళ్లు. ఆ ఏటి పడుగు కింద బావులు దింపి, ఇసుక కింది నీళ్లను పట్టి, పంపుతో ఏడెన్‌కు తేవాలని ఆయన రిపోర్టు ఇచ్చారు. చూశారా, మళ్లీ అదే సుక్కూరు చెలమ! ఊరూ, సముద్రమూ, భాషా మారాయి, ఇసుక మారలేదు.

ఒమాన్‌లో ఉన్న మనం ఇక్కడ ఒక మాట కలుపుకోవాలి. నిజ్వా వైపు పనికి పోయినవాళ్లు ఫలజ్ కాలువలు చూసే ఉంటారు. కొండ మొదట్లో ఒక బావి, దాని అడుగునుంచి నేల కింద సొరంగం, నీళ్లు పల్లానికి నడిచి ఊరి ఖర్జూర తోటల్లో పైకి తేలతాయి. పంపు లేదు, కరెంటు లేదు. ఎవరి వంతు నీళ్లు ఎంతసేపో గంటల లెక్కన పంచడానికి ఊరికి ఒక వకీల్ ఉంటాడు. పూర్వం పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతులు మార్చేవాళ్లు. విశ్వేశ్వరయ్య గారికన్నా వందల ఏళ్ల ముందే ఈ నేల మీది పల్లెటూరివాళ్లు ఇసుక కింది నీళ్ల గుట్టు పట్టారు. యునెస్కో 2006లో వీటిలో ఐదింటికి గుర్తింపు ఇచ్చింది. మనం తవ్విన ట్రెంచిలో పాత ఫలజ్ గోడ తగిలితే పని ఆపి ఫోర్‌మన్‌కు చెప్పండి, మట్టి కప్పేయకండి.

ఏడెన్ పనికి ఆయనకు ఆ ఏడే కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. కానీ పతకం వేరు, కుర్చీ వేరు. బొంబాయి సర్కారులో ఆయన చాలామంది సీనియర్లను దాటి పైకి వచ్చారు. ఆపైన ఉన్నది చీఫ్ ఇంజనీరు పదవి, అది తెల్లవాళ్లకే. ఎంత పని చేసినా ఆ గడప దాటనివ్వరని ఆయనకు తెలుసు. 1908లో, 47 ఏళ్ల వయసులో, ఉద్యోగం వదిలేశారు. ఎవరినీ తిట్టలేదు, బతిమాలలేదు. ఇది చదివినప్పుడు మాలో కొందరు చాలాసేపు మాట్లాడలేదు. పదిహేనేళ్లు పని నేర్పి, తను నేర్పినవాడి కిందే హెల్పరుగా మిగిలినవాళ్లు మన గదుల్లో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆయనకు వదిలేసి పోయే వీలు ఉంది, మనకు ఇంటిదగ్గర అప్పు ఉంది. తేడా అదే.

ఉద్యోగం వదిలి విదేశాలు తిరుగుతూ యూరప్‌లో ఉండగా నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేలమంది పోయారు. ఆ రోజు చింతచెట్టెక్కి ప్రాణం దక్కించుకున్నవాళ్ల కథ ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు వచ్చి, వరద ఎందుకు వచ్చిందో లెక్క తీశారు. మూసీకి ఎగువన వందల చెరువులు ఉన్నాయి. కుండపోత వానకు ఒకటి తెగి కింది దాని మీద పడి, అది తెగి ఇంకోదాని మీద పడి, రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. ఊరి మీద పడింది వాన ఒక్కటే కాదు, ఆ చెరువులన్నీ కలిసి పడ్డాయి.

ఊరి పక్కన గోడలు కట్టి సరిపెట్టుకోకుండా, ఎగువనే మూసీ మీద ఒకటి, ఈసా మీద ఒకటి పెద్ద రిజర్వాయర్లు కట్టి వరదను అక్కడే ఆపాలని ఆయన సలహా. వానాకాలంలో ఊరిని ముంచే నీళ్లే ఎండాకాలంలో ఊరికి తాగునీళ్లు అవుతాయి. మూసీ మీద కట్టిన ఉస్మాన్ సాగర్, మనం గండిపేట అంటాం, 1920లో పూర్తయింది. ఈసా మీది హిమాయత్ సాగర్ 1927లో. గండిపేట ఊరికన్నా ఎత్తు మీద ఉంది కాబట్టి నీళ్లు పల్లానికి నడిచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ల దగ్గరికి వచ్చేవి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెత పుట్టింది. వదిలి వచ్చిన మనకు ఆ మాట ఎలా తగులుతుందో వేరే చెప్పాలా! మురుగు కాలువల పని కోసం ఆయన తర్వాత కూడా హైదరాబాదు వచ్చారు.

1909 చివర మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యారు, 1912 నుంచి 1918 దాకా దివాన్. కావేరి మీద కృష్ణరాజసాగర్ ఆయన కాలంలోనే మొదలైంది. మైసూరు బ్యాంకు, భద్రావతి ఇనుము, యూనివర్సిటీ, ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, మళ్లీ రాయం.

రాయాల్సింది ఒకటుంది, దండ వేసే రోజు ఎవరూ మాట్లాడనిది. మైసూరు ఉద్యోగాలు దాదాపు అన్నీ బ్రాహ్మణుల చేతిలోనే ఉన్నాయని, వెనుకబడిన కులాలకూ వాటా ఉండాలని అక్కడ జనం అడిగారు. మహారాజు 1918లో దాని మీద మిల్లర్ కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్య గారికి అది నచ్చలేదు. ఉద్యోగం అర్హతను బట్టే ఇవ్వాలని, అలా పంచితే పని చెడుతుందని ఆయన పట్టు. ఆ ఏడు చివర దివాన్ పదవి వదిలేశారు. మేము దీన్ని చాలాసేపు చర్చించుకున్నాం. మా సభ్యుల్లో ఎక్కువమంది ఏ కులాలవాళ్లో అందరికీ తెలుసు. బొంబాయిలో తనను పుట్టుకను బట్టి ఆపిన గడపను ఆయన గుర్తుపట్టారు, మైసూరులో ఇతరులను ఆపుతున్న గడప ఆయనకు కనబడలేదు. ఈ విషయంలో మేము ఆయనతో లేము. ఇది రాయొద్దు, పెద్దాయన్ని చిన్నబుచ్చినట్టవుతుంది అని ఇద్దరు అన్నారు. రాయాలనే ఎక్కువమంది అన్నారు, రాశాం.

పదవి వదిలాక కూడా నలభై ఏళ్లకు పైగా బతికారు, చివరిదాకా పని మానలేదు. 1955లో భారతరత్న ఇచ్చారు. 1960లో నూరో ఏట అడుగు పెట్టినప్పుడు ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో పోయారు. అప్పటికి నూరేళ్లు నిండాయి. సుక్కూరులో నీళ్లు పారించినప్పుడు ఆయన వయసు ముప్పై నాలుగు. ఇక్కడ క్యాంపుల్లో ఉన్న మనోళ్లలో సగం మంది ఈడు.

ఈ వ్యాసం రాత పూర్తవుతుండగా ఊరినుంచి ఫోన్లలో వీడియోలు వచ్చాయి. హైదరాబాదులో వానలు, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు, గండిపేట గేట్లు ఎత్తారు. గదిలో అందరం ఫోను చుట్టూ చేరి ఆ నురగ చూస్తున్నాం. వాల్వుల అన్న మాత్రం వీడియో ఆపి, వెనక్కి తిప్పి, ఎన్ని గేట్లు లేపారు, ఎంత ఎత్తు లేపారు అని లెక్కపెడుతున్నాడు. మూసీ పక్కన బస్తీలో ఉండే తమ్ముడికి ఫోను చేసి, ఈ రాత్రికి సామాను పైకి ఎక్కించుకోమని చెప్పాడు.